మరణమునకు చట్టము గీసిన గీత, మన నిరీక్షణ

పెద్దల బైబిలు తరగతికిని యౌవన సమాజమునకును పాఠము

చదువవలసిన భాగములు: ఆదికాండము 50:22-26, యోహాను 11:1-44, 1 కొరింథీయులకు 15:35-49
కంఠస్థము చేయవలసిన వచనము: యోహాను 11:25
పాఠము ఉద్దేశము: మనుష్యుడు ఎప్పుడు మరణించెనని చట్టము చెప్పుచున్నదో తెలిసికొనుట, ఆ నిర్ణయము క్రయోనిక్స్ అను ప్రయత్నమును ఎట్లు కట్టివేయుచున్నదో చూచుట, మన నిరీక్షణ దేనిమీద నిలిచియున్నదో స్థిరపరచుకొనుట.



మన ఇండ్లలో ఎవరైనను ప్రభువునందు నిద్రించినప్పుడు, దూరమున ఉద్యోగము చేయుచున్న కుమారుడో కుమార్తెయో వచ్చువరకు దేహమును అద్దె ఫ్రీజరు పెట్టెలో ఉంచుట ఇప్పుడు సాధారణమైపోయినది. బెంగుళూరులోనైనను, బరంపురములోనైనను, షోలాపురములోనైనను ఇదే వాడుక. ఆ పెట్టె చుట్టు కూర్చుండి పాటలు పాడువారెవరును, ఆ చలి వలన తమ తండ్రి మరల లేచునని తలంచరు. కడసారి చూపు కొరకు ఒకటి రెండు దినములు ఆగుచున్నాము, అంతే.

అయితే అంతకంటె ఎన్నోరెట్లు ఎక్కువ చలిలో దేహములను ఉంచి, కడసారి చూపు కొరకు గాక మరల లేపుట కొరకు ఎదురుచూచువారు అమెరికాలో ఉన్నారు. ఈ ప్రయత్నమునకు క్రయోనిక్స్ అని పేరు. దానిని గూర్చి చదివిన మన యౌవనస్థులకు కొన్ని ప్రశ్నలు కలుగుట సహజము. ఇది పునరుత్థానమునకు పోటీయా? శాస్త్రము మరణమును జయించునా? అసలు మనుష్యుడు చనిపోయెనని ఎవరు నిర్ణయించవలెను? ఈ చివరి ప్రశ్న అమెరికావారిది మాత్రమే కాదు. ఐ.సి.యు. తలుపు బయట నిలిచిన మన కుటుంబములకు కూడ అది ఎదురగుచున్నది. అందుచేత ఈ పాఠమును ఓపికగా చదువుడని మనవి.

1. క్రయోనిక్స్ అనగా ఏమి?

రాబర్ట్ ఎట్టింగర్ అను అమెరికా భౌతికశాస్త్ర అధ్యాపకుడు 1960ల తొలి సంవత్సరములలో ఈ ఆలోచనను పుస్తకముగా వ్రాసి ప్రచారము చేసెను. నేడు నయముకాని రోగముతో చనిపోయినవాని దేహమును చెడిపోకుండ అతి చల్లగా భద్రపరచినయెడల, ముందు తరముల వైద్యులు ఆ రోగమును బాగుచేసి అతనిని లేపవచ్చునని ఆయన వాదన. 1967 జనవరి 12న కాలిఫోర్నియాలో క్యాన్సరుతో చనిపోయిన జేమ్స్ బెడ్‌ఫర్డ్ అను మనస్తత్వశాస్త్ర ఆచార్యుని దేహమును మొదట ఇట్లు భద్రపరచిరి. ఆ దేహము ఇప్పటికిని అరిజోనా రాష్ట్రములోని స్కాట్స్‌డేల్ పట్టణమున ఆల్కోర్ అను సంస్థ యొద్ద ఉన్నది. ఎట్టింగర్ 1976లో మిషిగన్ రాష్ట్రమున మరియొక సంస్థను స్థాపించి, 2011లో తన 92వ ఏట చనిపోయి, తానును అక్కడనే ఉంచబడెను.

పని జరుగు విధము ఇది. రోగి మరణించినట్లు డాక్టరు ప్రకటింపగానే, సిద్ధముగా వేచియున్న బృందము మంచుతో దేహమును చల్లబరచును. మెదడు చెడకుండుటకై యంత్రముతో ఛాతీని నొక్కుచు రక్తమును కదలించును. తరువాత రక్తమును తీసివేసి, దాని స్థానములో మంచు పలుకులు ఏర్పడకుండ చేయు రసాయనములను ఎక్కించును. చివరకు ద్రవ నత్రజని నింపిన పెద్ద ఉక్కు పాత్రలో మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ చలిలో దేహమును ఉంచుదురు. కొందరు తలను మాత్రమే భద్రపరచుకొందురు. దీనికి 28 వేల డాలర్లు మొదలుకొని రెండు లక్షల డాలర్లకు పైగా ఖర్చగును. చాలమంది ఆ సొమ్మును జీవిత బీమా ద్వారా ఏర్పాటు చేసికొందురు.

లోకమంతటిలో ఇట్లు ఉంచబడినవారు కొన్ని వందలమంది. వారిలో ఒక్కరైనను లేపబడలేదు. గడ్డకట్టించి దాచిన పిండము నుండి 1984లో ఆస్ట్రేలియాలో బిడ్డ పుట్టిన మాట నిజమే. కాని కొద్ది కణములుగల పిండము వేరు, ఎదిగిన మనుష్యుని మెదడు వేరు. భద్రపరచుట సంగతి చూచినను, 1979లో కాలిఫోర్నియాలోని ఛాట్స్‌వర్త్ శ్మశానవాటికలో తొమ్మిది దేహములు కనిపెట్టువారు లేక, డబ్బు చాలక కరగి చెడిపోయినట్లు బయటపడెను.

2. మరణమునకు గీత ఎవరు గీసిరి?

పూర్వము ఈ ప్రశ్న కష్టముగా ఉండలేదు. ఊపిరి ఆగెను, నాడి ఆగెను, చనిపోయెను. కోర్టులకును అంతే చాలియుండెను. తరువాత రెండు మార్పులు వచ్చెను. ఆగిన గుండెను ఛాతీ నొక్కి తిరిగి నడిపించు విధానమును 1960లో వైద్యులు ప్రకటించిరి. వెంటిలేటరు యంత్రము వచ్చి, మెదడు పూర్తిగా నశించినవాని ఊపిరితిత్తులను కూడ ఆడించుచుండెను. ఇట్లు గుండె ఆగినవాడు బ్రదుకుచుండెను. గుండె కొట్టుకొనుచున్నవాడు మృతుడై యుండెను. 1967 డిసెంబరులో కేప్‌టౌన్ నగరమున క్రిస్టియన్ బర్నార్డ్ మొదటి గుండె మార్పిడి చేసిన తరువాత, గుండెను ఇచ్చినవాడు ఎప్పుడు చనిపోయినట్లు అను ప్రశ్న మరింత బలపడెను.

1968లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వైద్యుల కమిటీ మెదడు మరణమునకు గురుతులను సూచించెను. 1970లో కాన్సాస్ రాష్ట్రము దానిని చట్టములోనికి తెచ్చెను. రాష్ట్రములన్నిటికిని నమూనాగా 1980లో ఒక చట్టము తయారైనది. దాని ప్రకారము మరణమునకు రెండు ద్వారములు కలవు. రక్తప్రసరణయు శ్వాసయు మరల తిరుగని విధముగా ఆగిపోవుట ఒకటి. కాండభాగముతో సహా మెదడంతయు మరల తిరుగని విధముగా పని మానుట రెండవది. ఈ రెంటిలో ఏది జరిగినను అతడు మృతుడే.

ఇందులో మూలమైన మాట "మరల తిరుగని విధముగా" అనునది. ఒక ఉపమానము చూడుడి. చేద నూతిలో పడినది. గాలము వేసినను చేతికి అందదు అనుట ఒకటి. అందునేమో గాని, ఇక ఎవరును గాలము వేయరు అనుట మరొకటి. గుండె ఆగిన రోగి మరి చికిత్స వద్దని ముందుగానే వ్రాసియిచ్చినప్పుడు, డాక్టరు కొద్ది నిమిషములు చూచి మరణమును ప్రకటించును. అది తరచుగా రెండవ అర్థమే: గుండె తనంతట తాను కదలదు, దానిని కదలించు ప్రయత్నము ఎవరును చేయరు. ఈ రెండు అర్థములలో ఏది చట్టములో ఉండవలెనని అమెరికా న్యాయవాదులును వైద్యులును చాలకాలము వాదించుకొనిరి. నమూనా చట్టమును సవరించుటకు పూనుకొనిన కమిటీ 2023లో ఏకాభిప్రాయము కుదరక పనిని నిలిపివేసెను.

క్రయోనిక్స్‌వారు నిలువబడునది ఈ సందులోనే. "మీరు మరల తిరుగదు అనునది నేటి వైద్యమును బట్టి కదా? నూరేండ్ల క్రిందట ఆగిన గుండెను కూడ అట్లే అనిరి కదా?" అని వారడుగుదురు. తాము భద్రపరచినవారిని మృతులని పిలువక, రోగులని పిలుచుదురు.

3. గీతకు ఆవలనే పని, అందుచేత చిక్కు

వారు రోగులని పిలిచినను, డాక్టరు మరణమును ప్రకటింపక ముందు ఆ దేహమును తాకలేరు. బ్రదికియున్నవాని రక్తము తీసి గడ్డకట్టించుట చట్టము దృష్టిలో హత్య. దేహము వారి చేతికి వచ్చునది కూడ వైద్యకళాశాలకు దేహదానము చేయునట్టి పత్రము వలననే. బీమా సొమ్ము కూడ మరణ ధ్రువపత్రము చూపిననే వచ్చును. చనిపోలేదని నమ్మువారు చనిపోయెనని చట్టము ఇచ్చిన కాగితముమీదనే ఆధారపడవలసి వచ్చినది. ఒకవేళ వారు సజీవులని కోర్టు ఒప్పుకొనినయెడల బీమా రాదు, ఆస్తి వారసులకు పోదు, భార్య విధవరాలు కాదు, తిరిగి వివాహము చేసికొనలేదు.

ఈ చిక్కును విప్పుటకు థామస్ డొనాల్డ్‌సన్ అను గణితశాస్త్రజ్ఞుడు కోర్టుకెక్కెను. ఆయన మెదడులో కంతి పెరుగుచుండెను. మామూలు మరణము వచ్చుసరికి మెదడు పాడైపోవును గనుక, ముందుగానే తనను గడ్డకట్టించుటకు అనుమతి కావలెనని ఆయన అడిగెను. 1992లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు ఒప్పుకొనలేదు. ఒకడు తన చికిత్సను మానుకొనవచ్చును గాని, తన్ను చంపుటకు మరియొకని సహాయము పొందు హక్కు రాజ్యాంగములో లేదనెను. ఇక్కడ ఒక సంగతి ధ్యానింపదగినది. డొనాల్డ్‌సన్ 2006లో చనిపోయెను. కోర్టు కాదనినందున ఆయనకు ఇంకను పదునాలుగు సంవత్సరముల జీవము మిగిలెను.

దీనికి ముందు 1987 డిసెంబరులో, కాలిఫోర్నియాలోనే 83 ఏండ్ల వృద్ధురాలి తల భద్రపరచబడెను. మరణ సమయమున డాక్టరు దగ్గర లేడు. ఆమె నిజముగా చనిపోయిన తరువాతనే మందులు ఎక్కించిరా, ముందుగానా అని అధికారులు విచారణ చేసిరి. పనివారిని పట్టుకొని పోయిరి. తలను పరీక్షకు అప్పగింపుమనగా వారు ఒప్పుకొనలేదు. చివరకు ఎవరిమీదను నేరము మోపబడలేదు గాని, మరణ క్షణమును ధ్రువపరచుట ఎంత ముఖ్యమో అందరికిని తెలియవచ్చెను.

చట్టముతో చిక్కు తీరినను కుటుంబముతో చిక్కు తీరదు. అయోవా రాష్ట్రమున ఒక వృద్ధుడు తన తలను భద్రపరచుటకు ఒప్పందము చేసికొనెను. 2009లో ఆయన చనిపోగా, తోబుట్టువులు ఆయనను పాతిపెట్టిరి. మరుసటి సంవత్సరము అప్పీలు కోర్టు, బ్రదికియుండగా ఆయన వ్రాసిచ్చిన మాటయే చెల్లునని, సమాధి త్రవ్వి దేహమును సంస్థకు అప్పగింపవలెనని తీర్పు చెప్పెను. ఫ్రాన్సు దేశములో ఒక వైద్యుడు 1984లో చనిపోయిన తన భార్యను ఇంటిలోనే ఫ్రీజరులో ఉంచెను. 2002లో తానును అందులోనే ఉంచబడెను. అక్కడి చట్టము పాతిపెట్టుటను, దహించుటను మాత్రమే ఒప్పుకొనునని 2006 జనవరిలో ఆ దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఫ్రీజరు చెడిపోయినందున ఆ సంవత్సరమే కుమారుడు ఇద్దరిని దహనము చేయించెను.

అన్నిటికంటె హృదయమును కదలించునది 2016లో ఇంగ్లండులో జరిగినది. క్యాన్సరుతోనున్న 14 ఏండ్ల బాలిక తనను భద్రపరచవలెనని కోరుచు న్యాయమూర్తికి ఉత్తరము వ్రాసెను. తల్లి ఒప్పుకొనెను, వేరుగా నివసించు తండ్రి మొదట ఒప్పుకొనలేదు. న్యాయమూర్తి పీటర్ జాక్సన్ ఆసుపత్రికి వెళ్లి ఆ బిడ్డను చూచెను. క్రయోనిక్స్ మంచిదా చెడ్డదా అని ఆయన తీర్పు చెప్పలేదు. మరణానంతరము దేహమును గూర్చి నిర్ణయించు అధికారము తల్లికి ఉండునని మాత్రమే చెప్పెను. అక్టోబరు 17న బాలిక చనిపోగా, దేహమును అమెరికాకు పంపిరి. ఆసుపత్రివారు కోర్టుకు పంపిన నివేదికలో ఒక సంగతి ఉన్నది. ఆ చివరి దినమున తల్లి మరణానంతరపు ఏర్పాట్లలో మునిగియుండి, బిడ్డకు పూర్తిగా దగ్గర లేకపోయెనట. మనము ఆ తల్లికి తీర్పు తీర్చకూడదు. బిడ్డను పోగొట్టుకొను తల్లి ఏ ఆధారమునైనను పట్టుకొనును. కాని రాబోవు జీవమును భద్రపరచు తొందరలో, ఉన్న కొద్ది గడియలు చేజారిపోవచ్చునని ఇందువలన నేర్చుకొందము.

4. మన దేశములో

మన జనన మరణ నమోదు చట్టము 1969లో చేయబడినది. సజీవముగా పుట్టిన తరువాత జీవపు గురుతులన్నియు శాశ్వతముగా అదృశ్యమగుటయే మరణమని అది చెప్పుచున్నది. అందులో మెదడు ప్రస్తావన లేదు. 1994లో వచ్చిన అవయవ మార్పిడి చట్టము మరియొక ద్వారమును చేర్చినది. మెదడు అడుగున శ్వాసను నడిపించు కాండభాగమున్నది. డాక్టర్లు బ్రెయిన్ స్టెమ్ అందురు. దాని పనులన్నియు శాశ్వతముగాను మరల తిరుగని విధముగాను ఆగిపోయినయెడల అతడు మృతుడే. అమెరికాలో మెదడంతయు అనిరి. ఇక్కడ కాండము అనిరి. రెండు దేశముల గీత సరిగా ఒకే చోట లేదని గమనించుడి.

దీనిని ఒక్క డాక్టరు నిర్ణయింపరాదు. నలుగురు డాక్టర్ల బోర్డు పరీక్షించి సంతకము చేయవలెను. కనీసము ఆరు గంటల వ్యవధితో రెండుసార్లు పరీక్షింపవలెను. కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోను, యానాము చేరియున్న పుదుచ్చేరిలోను ఈ కేంద్ర చట్టమే నడుచుచున్నది.

కోమా వేరు, బ్రెయిన్ స్టెమ్ మరణము వేరు. కోమాలోనున్నవాడు తెలివి లేకపోయినను బ్రదికియున్నాడు. తానే ఊపిరి తీయవచ్చును, కొందరు తేరుకొందురు. ముంబయి ఆసుపత్రిలో 1973 నుండి మంచముననే యున్న ఒక నర్సు విషయములో 2011లో సుప్రీం కోర్టు, ఆమె బ్రెయిన్ డెడ్ కాదని స్పష్టముగా చెప్పెను. ఈ భేదము తెలియనందున కొందరు తొందరపడి ఆశ వదలుకొందురు. కొందరు ఆశ లేనిచోట ఇల్లు అమ్మి యంత్రమునకు అద్దె కట్టుదురు.

క్రయోనిక్స్ కాకపోయినను, దానికి దగ్గరి ప్రశ్న ఒకటి మన దేశపు కోర్టులోనే వచ్చినది. పంజాబులోని నూర్‌మహల్‌లో ఒక ఆశ్రమ గురువు 2014 జనవరి 29న మృతిచెందినట్లు వైద్యులు చెప్పిరి. ఆయన సమాధి స్థితిలో ఉన్నారని శిష్యులు చెప్పి, దేహమును ఫ్రీజరులో ఉంచిరి. దహనము చేయవలెనని 2014 డిసెంబరులో హైకోర్టు న్యాయమూర్తి ఒకరు ఆజ్ఞాపింపగా, 2017లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ ఆజ్ఞను త్రోసివేసి, దేహమును అట్లే ఉంచుటకు అనుమతించెను. ఇతరుల నమ్మికను ఎగతాళి చేయుటకు దీనిని చెప్పుటలేదు. చట్టము మరణమును నమోదు చేయగలదు, దేహమును ఏమి చేయవచ్చునో చెప్పగలదు. దాని ప్రక్కన కూర్చున్నవారి నిరీక్షణను మాత్రము పుట్టింపనులేదు, తీసివేయనులేదు.

5. వాక్యము ఏమి నేర్పుచున్నది?

మొదటిది, యోసేపు. భద్రపరచిన దేహము బైబిలులోనే కలదు. యోసేపు 110 ఏండ్లు బ్రదికి చనిపోగా, ఐగుప్తు పద్ధతి చొప్పున సుగంధద్రవ్యములతో సిద్ధపరచి పెట్టెలో ఉంచిరి. దేహమును చెడకుండ ఉంచు విద్యలో ఐగుప్తీయులను మించినవారు ఆ దినములలో లేరు. వారు దానిని చేసినది పరలోక ప్రయాణమునకు దేహము అవసరమని తలంచి. యోసేపు అయితే ఆ విద్యమీద ఆశ పెట్టుకొనలేదు. దేవుడు తన ప్రజలను దర్శించి వాగ్దానదేశమునకు తీసికొనిపోవునని నమ్మి, ఆ దినమున తన ఎముకలను మోసికొని పొమ్మని ప్రమాణము చేయించెను. పరదేశమున స్థిరపడి, అక్కడనే అధికారియై, అక్కడనే చనిపోయిన మనుష్యుడు అతడు. మన తాతముత్తాతలు కూడ ఊరు విడిచి వచ్చినవారే. మనలో అనేకుల సమాధులు పుట్టిన ఊరిలో ఉండవు. యోసేపు పెట్టె మనకు చెప్పునది ఇది: దేహము ఎక్కడ, ఎట్లు ఉంచబడినదని కాదు, వాగ్దానము చేసినవాడు ఎవరు అనునదే ప్రశ్న. ఆ ఎముకలు చివరకు షెకెములో పాతిపెట్టబడెను (యెహోషువ 24:32).

రెండవది, లాజరు. క్రయోనిక్స్‌కు ప్రతి నిమిషము విలువైనది. ఆలస్యమైనకొలది మెదడు చెడును గనుక, మరణ ప్రకటన కొరకు గడియారము చూచుచు ప్రక్కనే కాచుకొందురు. ప్రభువు అయితే లాజరు రోగియని వినియు ఇంకను రెండు దినములు ఉన్నచోటనే నిలిచెను. ఆయన బేతనియకు వచ్చుసరికి నాలుగవ దినము. చెడిపోవుట మొదలైనదని మార్తయే చెప్పెను. నేటి చట్టములలో ఏ చట్టము ప్రకారము చూచినను లాజరు మృతుడే. నలుగురు డాక్టర్ల సంతకము అక్కరలేదు. ఆయన పిలుపు దేహము యొక్క స్థితిమీద ఆధారపడలేదు. మార్త అంత్యదినపు పునరుత్థానమును గూర్చి సరియైన ఉపదేశమునే ఒప్పుకొనెను. ప్రభువు ఆమె చూపును ఒక దినము నుండి ఒక వ్యక్తివైపు, అనగా తనవైపు త్రిప్పెను.

అయితే లాజరు తిరిగి వచ్చినది పాత జీవములోనికే. అతడు మరల చనిపోవలసినవాడే. క్రయోనిక్స్ కోరునదంతయు నెరవేరినను దొరకునది ఇంతే: ఇదే జీవము, మరికొంత కాలము, ఎరిగినవారెవరును లేని లోకములో. క్రీస్తు లేచినది అట్లు కాదు. ఆయన ఇక చనిపోడు (రోమా 6:9).

మూడవది, విత్తనము. పౌలు కొరింథీయులకు వ్రాయుచు దేహమును విత్తనముతో పోల్చెను. రైతు విత్తనమును పాతరలో ఎంత భద్రముగా దాచినను అది గింజగానే ఉండును. నేలలో పడి తన రూపమును పోగొట్టుకొనినప్పుడే పైరు వచ్చును. మనము దేహమును సమాధుల తోటలో ఉంచుట దానిని పారవేయుట కాదు, విత్తుట. సిమెట్రీ అను మాట కూడ గ్రీకు భాషలో నిద్రించు స్థలము అను మాటనుండి వచ్చినదే.

మరి సమాధియే లేనివారి మాటేమి? బర్మాలో సువార్త ప్రకటించిన మన బాప్తిస్టు మిషనరీ అదోనిరాము జడ్సన్ 1850లో ఓడలో ప్రయాణించుచు చనిపోయెను. ఆయన దేహమును బంగాళాఖాతములో దించివేసిరి. ఆయనకు గోరీ లేదు, పేరు చెక్కిన రాయి ఆ స్థలమున లేదు. అయినను ఆయన నిరీక్షణకు ఏమి తక్కువ? సముద్రము కూడ తనలోని మృతులను అప్పగించునని యోహాను చూచెను (ప్రకటన 20:13).

6. మనము చేయవలసినవి

ఈ పాఠము వలన మన ఇండ్లలో జరుగవలసిన పనులు కొన్ని ఉన్నవి.

అ) ఐ.సి.యు.లో అడుగుటకు సిగ్గుపడవద్దు. ఇది కోమాయా, బ్రెయిన్ స్టెమ్ మరణమా? రెండు పరీక్షలును అయినవా? సంతకము చేసినది ఎవరు? ఇవి అవిశ్వాసపు ప్రశ్నలు కావు. కన్నడముగాని తమిళముగాని ఒరియాగాని మరాఠీగాని బాగుగా వచ్చినవారు సంఘములో ఉన్నారు. అట్టివారిని ఒకరిని కుటుంబముతో పంపుట సంఘ పెద్దల బాధ్యత. ప్రార్థించుట ఎంత అవసరమో, డాక్టరు చెప్పినది అర్థమగునట్లు చేయుట అంత అవసరము.

ఆ) మీ కోరికను బ్రదికియుండగానే వ్రాసియుంచుడి. కోలుకొను ఆశ లేనప్పుడు ఎటువంటి చికిత్స వద్దో ముందుగా వ్రాసియుంచు హక్కును 2018లో సుప్రీం కోర్టు గుర్తించెను. 2023లో ఆ పద్ధతిని సులభము చేసెను. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీ చేతగాని గెజిటెడ్ అధికారి చేతగాని ధ్రువపరచుకొనిన చాలును. అయోవా వృద్ధుని కుటుంబము కోర్టుకు పోయినట్లు మన పిల్లలు పోకుండునట్లు, భూస్థాపన ఎక్కడ కావలెనో కూడ వారితో మాటలాడుడి.

ఇ) అవయవదానమునకు భయపడవద్దు. కన్నులు ఇచ్చినయెడల పునరుత్థానమున గ్రుడ్డివారమై లేతుమా అని మన పెద్దలలో కొందరు భయపడుదురు. నాలుగు దినముల మృతుని లేపినవాడు, సముద్రములో కలిసిపోయినవారిని లేపువాడు, ఒకరికి దానముగా ఇచ్చిన కంటిని బట్టి వెనుదీయడు. దానము ఇచ్చుటయు మానుటయు ఎవరి మనస్సాక్షి వారిది. సంఘము బలవంతము చేయరాదు. కాని ఎముకల లెక్క తప్పునను భయముతో మాత్రము మానవద్దు. తమిళనాడు ప్రభుత్వము అవయవదాతల అంత్యక్రియలకు రాష్ట్ర గౌరవము ఇచ్చుటకు 2023లో నిర్ణయించినది. పొరుగువానిని ప్రేమింపుమని నేర్చుకొనిన మనము ఇందులో వెనుకబడకుందుము గాక.

ఈ) మరణమును 21 దినములలోగా, మరణము జరిగిన ఊరిలోనే నమోదు చేయించుడి. సొంత ఊరికి దేహమును తీసికొనిపోయి, అక్కడ కాగితము దొరకక విధవరాండ్రు పింఛనుకును బీమాకును తిరుగుచున్నారు.

ఉ) చివరి గడియలలో దగ్గర ఉండుడి. ఫోనులు, ఏర్పాట్లు, బండి, పెట్టె, ఇవన్నియు సంఘస్థులు చూచుకొందురు. భార్యయు బిడ్డలును మంచము ప్రక్క కూర్చుండి చేయి పట్టుకొననిండు.

చట్టమునకు ఒక గీత అవసరము. గీత లేనియెడల సజీవులకు కాపుదల లేదు, మృతులకు గౌరవము లేదు, దుఃఖించువారికి విడుదల లేదు. గనుక ఆ గీతను మనము గౌరవింతము. క్రయోనిక్స్‌వారు ఆ గీత కాలక్రమమున జరుగునని ఆశించి ఆవల చలిలో వేచియున్నారు. మన ప్రభువు ఆ గీతను దాటి వెళ్లి, ఆవలనుండి తిరిగి వచ్చినవాడు. తాళపుచెవులు ఆయన యొద్ద ఉన్నవి (ప్రకటన 1:18).

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. అమెరికా చట్టములో మరణమునకు ఉన్న రెండు ద్వారములు ఏవి? మన దేశపు చట్టము ఎందులో భేదించుచున్నది?
2. భద్రపరచినవారిని రోగులని పిలుచువారికి మరణ ధ్రువపత్రము ఎందుకు అవసరమగుచున్నది?
3. యోసేపు దేహమును ఐగుప్తీయులు భద్రపరచిన ఉద్దేశమునకును, యోసేపు నిరీక్షణకును భేదమేమి? హెబ్రీయులకు 11:22 చదువుడి.
4. ప్రభువు రెండు దినములు ఆలస్యము చేయుట మార్త, మరియలకు ఎట్లు తోచియుండును? మీ కుటుంబములో అట్టి ఆలస్యమును ఎదుర్కొంటిరా?
5. అవయవదానమును గూర్చి మీ ఇంటిలో ఎప్పుడైనను మాటలాడుకొంటిరా? ఈ వారము కుటుంబ ప్రార్థన తరువాత మాటలాడుకొనుడి.

ప్రార్థనాంశములు: ఆసుపత్రులలో కష్టమైన నిర్ణయములు చేయవలసిన కుటుంబముల కొరకు, మరణమును ప్రకటింపవలసిన డాక్టర్ల, నర్సుల మనస్సాక్షి కొరకు, బిడ్డలను పోగొట్టుకొనిన తలిదండ్రుల ఆదరణ కొరకు, మరణ భయమువలన దాసులైనవారు ప్రభువును తెలిసికొనునట్లు.